మల్కోవాల్‌లో విప్పిన సీసా

మహమ్మారుల కాలం: 8వ భాగం

1896 సెప్టెంబరులో బొంబాయి మాండవి వాడలో డాక్టర్ అకాసియో వీగస్ ప్లేగును గుర్తించడం, చలికాలం ముగిసేలోగా లక్షల మంది రైళ్ళెక్కి, పడవలెక్కి నగరం విడిచిపోవడం కిందటి భాగంలో చదివారు. ఆ అల్లకల్లోలం సాగుతుండగానే గ్రాంట్ మెడికల్ కాలేజీలోని ఒక గదిలో వాల్డెమార్ హాఫ్కిన్ గాజు ఫ్లాస్కుల ముందు కూర్చుని పనిచేస్తున్నాడు. ఒడెస్సాలో పుట్టిన యూదుడాయన. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసి, కలరాకు టీకా తయారుచేసి, దాన్ని పరీక్షించడానికి 1893లోనే మన దేశానికి వచ్చాడు. ప్లేగు మొదలయ్యాక ప్రభుత్వం ఆయన్ని బొంబాయి పిలిపించి ఆ గదిని, ఒక గుమాస్తాను, ముగ్గురు బంట్రోతులను ఇచ్చింది. గోమాంసం, పందిమాంసం అంటే ఇక్కడి జనం ఏమంటారో ఆయనకు తెలుసు. అందుకే మేకమాంసంతో రసం కాచి అందులో ప్లేగు సూక్ష్మజీవులను పెంచాడు. రసం మీద నెయ్యి చుక్కలు తేలనిచ్చేవాడు. ఆ చుక్కలను అంటిపెట్టుకుని సూక్ష్మజీవులు మర్రి ఊడల్లాగా కిందికి దిగేవి. ఫ్లాస్కును కదిపితే ఊడలు తెగి అడుగున పడేవి, పైన మళ్ళీ కొత్తవి పుట్టేవి. కొన్ని వారాలు అలా పెంచి, వేడితో చంపి, కార్బాలిక్ ఆసిడ్ కలిపితే అదే టీకా మందు. 1897 జనవరి 10న 10 సి.సి.ల మందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. జ్వరం కాసింది, సూది గుచ్చిన చోట నొప్పి పట్టింది, రెండు మూడు రోజుల్లో తేరుకున్నాడు. నెలాఖరుకు బైకుల్లా జైల్లో ప్లేగు సోకితే అక్కడి ఖైదీల్లో ముందుకొచ్చిన వాళ్ళకు వేశాడు. వేయించుకోని వాళ్ళలో 12 మందికి రోగం తగిలి ఆరుగురు పోయారు. వేయించుకున్న వాళ్ళలో ఇద్దరికి తగిలింది, ఇద్దరూ బతికారు.

అంటే రోగం బయటపడిన అయిదు నెలల లోపే విరుగుడు చేతికందింది. అయినా తర్వాతి పాతికేళ్ళలో ఈ దేశంలో కోటి మందికి పైగా ప్లేగు వాతపడ్డారు. మందు ఉండీ ఇంతమంది ఎందుకు పోయారని అడిగితే ఆనాటి ఆంగ్లేయ అధికారులు చాలామంది ఒకే మాట చెప్పారు: జనం అజ్ఞానులు, మూఢనమ్మకాలు వదలరు, సూదిని చూస్తే పారిపోతారు. ఇప్పటికీ ఏదైనా కొత్త టీకా వచ్చి జనం వెనకాడితే మన పత్రికల్లో, కార్యాలయాల్లో వినిపించే మాట ఇదే. ప్లేగు టీకా చరిత్రను దగ్గరగా చూస్తే ఈ జవాబు నిలవదని నా వాదన. అదే జనం, అదే మందు. ఒకచోట వేలాదిగా చేతులు చాచారు, మరోచోట తలుపులు మూశారు. ఈ తేడా తెచ్చింది మందు గుణం కాదు, జనం చదువూ కాదు. టీకా పట్టుకొచ్చిన వాళ్ళు అంతకుముందు ఆ ఇంటికి ఏ పనిమీద వచ్చారు, టీకా వికటించిన రోజున ఏం చేశారు అన్నవే చాలావరకు దాన్ని నిర్ణయించాయి.

మొదటి సంగతి చూద్దాం. 1897 ఫిబ్రవరి 4న అంటురోగాల చట్టం వచ్చింది. ఇళ్ళలో దూరి సోదాచేయడం, రోగి అనిపించిన వాణ్ణి ఆసుపత్రికి, ఇంట్లో మిగిలిన వాళ్ళను శిబిరానికి తరలించడం, సామాను తగలబెట్టడం, రైల్లో ప్రయాణించే వాళ్ళను దించి పరీక్షించడం, అన్నిటికీ అధికారులకు చేతినిండా అధికారం దొరికింది. పరీక్ష అంటే చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టాయేమోనని తడిమి చూడటం. రైల్వే ప్లాట్‌ఫారం మీద, నలుగురి ముందు, పరాయి మగవాడు, తరచు తెల్లవాడు, ఆడవాళ్ళను అలా తడమబోతే ఏ ఇంటివాళ్ళు ఊరుకుంటారు? పూనాలో ఈ పని గోరా సైనికులకు అప్పగించారు. ప్లేగు కమిటీ అధ్యక్షుడు వాల్టర్ ర్యాండ్ హయాంలో సైనికులు పూజగదుల్లోకి, వంటిళ్ళలోకి బూట్లతో వచ్చారని జనం మొత్తుకున్నారు. 1897 జూన్ 22న, విక్టోరియా రాణి వజ్రోత్సవం రాత్రి, గణేశ్‌ఖిండ్ రోడ్డు మీద చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను, లెఫ్టినెంట్ అయర్స్ట్‌ను కాల్చారు. అప్పటికే బొంబాయిలో ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద మిల్లు కార్మికులు దాడి చేసి ఉన్నారు. 1898 మార్చిలో ఒక జులాహా నేతగాళ్ళ ఇంట్లో జబ్బుపడిన ఆడపిల్లను పరీక్షించడానికి తనిఖీ బృందం పట్టుబట్టితే ఆ వాడంతా తిరగబడింది.

ఇందులో టీకా ప్రసక్తి ఎక్కడుందని అనవచ్చు. చట్టం ప్రకారం టీకా బలవంతం కాదు. హాఫ్కిన్ స్వయంగా దాన్ని ఇష్టపూర్వకంగానే వేయాలన్నాడు. కాని గుమ్మంలో నిలబడిన ఇల్లాలికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? నిన్న సోదాకు వచ్చిన శాఖే ఇవాళ సూది తెచ్చింది. నిన్న పక్కింటి ముసలాయన్ని మోసుకుపోయిన బండి తిరిగి రాలేదు. ఆసుపత్రిలో జనాన్ని చంపి వాళ్ళ ఒంట్లోంచి మోమియాయి అనే తైలం తీస్తున్నారన్న పుకారు బొంబాయిలో పుట్టింది ఈ అనుభవంలోంచే. పుకారు అబద్ధమే. అయితే ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో చాలామంది శవాలుగా బయటికొచ్చిన మాట నిజం, వెళ్ళేది తమ ఇష్టం కాకపోవడమూ నిజం. కళ్ళతో చూసిన రెండు నిజాలకు కారణం వెతుక్కుంటే దొరికిన కథ అది. దాన్ని మూఢత్వం అని కొట్టిపారేసిన అధికారి ఆ కథ వెనకున్న ఫిర్యాదును వినే అవకాశం పోగొట్టుకున్నాడు. తిలక్ విషయమే చూడండి. ఆయన ప్లేగు నివారణను వ్యతిరేకించలేదు. నాయకులు చాలామంది పూనా విడిచిపోతే తాను ఊళ్ళోనే ఉండి, హిందువుల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి ఏర్పాటు కావడంలో పాలుపంచుకున్నాడు. ఆయన కేసరి పత్రికలో దుయ్యబట్టింది సైనికుల తీరును. వైద్యం కావాలి, ఈ తీరున వద్దు అనే మాట చదువుకున్న వాళ్ళూ చదువురాని వాళ్ళూ ఒకే గొంతుతో చెబుతున్నప్పుడు దాన్ని అజ్ఞానం ఖాతాలో రాయడం న్యాయం కాదు.

దీనికి సరిగ్గా ఎదురుగా, అదే బొంబాయిలో, అదే రోజుల్లో జరిగిన ముచ్చట ఒకటుంది. ఇస్మాయిలీ ఖోజాల మతపెద్ద ఆగాఖాన్‌కు అప్పుడు దాదాపు 20 ఏళ్ళ వయసు. ఆయన హాఫ్కిన్‌ను పిలిచి తన ఖుస్రూ లాడ్జ్ భవనాన్ని ప్రయోగశాలకు ఇచ్చాడు. తన వాళ్ళు చూస్తుండగా బహిరంగంగా టీకా వేయించుకున్నాడు, పలుమార్లు వేయించుకున్నాడు. ఖోజాల్లో వేల మంది ముందుకొచ్చారు. ఇక్కడ నా వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటి రావచ్చు: ఇది గురువు మాట జవదాటని గుడ్డి విధేయత కదా, దీన్ని నమ్మకం అని పొగడటమెందుకు? విధేయత పాలు ఉందని ఒప్పుకుంటాను. అయితే ఆగాఖాన్ ఆజ్ఞాపించి ఊరుకోలేదు, తన చెయ్యి ముందు చాచాడు. వారం తర్వాత కూడా ఆయన నిక్షేపంగా తిరుగుతుండటం జనం కళ్ళతో చూశారు. పైగా టీకాల కేంద్రం తమ పెద్ద ఇంట్లోనే ఉంది. ఏదైనా తేడా వస్తే ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో వాళ్ళకు తెలుసు. ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి విషయంలో మిల్లు కార్మికుడికి ఆ దారి లేదు.

మతపెద్ద లేనిచోట కూడా ఇలాగే జరిగింది. అంతకు ముందే, 1894లో, కలకత్తా బస్తీల్లో కలరా టీకా వేయడానికి వెళ్ళినప్పుడు హాఫ్కిన్ బృందం మీద రాళ్ళు పడ్డాయి. ఆయన వెంట చౌదరి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే బెంగాలీ డాక్టర్లు ఉండేవారు. బస్తీవాళ్ళ భాషలో మాట్లాడి, వాళ్ళ ఎదుటే సూదులు వేయించుకుని, వేకువనే పనికి పోయేవాళ్ళ కోసం అంతకంటే ముందే వెళ్ళి, మళ్ళీ పొద్దుగూకాక వెళ్ళి వాళ్ళు పనిచేశారు. మార్చిలో కట్టల్‌బాగాన్ బస్తీలో కలరా మొదలైతే సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత అక్కడ 10 మందికి కలరా సోకి ఏడుగురు చనిపోయారు. ఆ పదిమందీ టీకా తీసుకోని వాళ్ళే. ఆ లెక్క ఏ కరపత్రమూ చెప్పనక్కర లేకుండానే బస్తీ బస్తీకీ పాకింది. రాళ్ళు పడిన చోటే తర్వాత వరుసలు కట్టారు. రాళ్ళు విసిరిన నాటికీ వరుసలో నిలబడిన నాటికీ మధ్య ఆ బస్తీలో ఎవరి చదువూ పెరగలేదు.

ప్లేగు టీకాను వద్దన్న వాళ్ళ కారణాలన్నీ అపనమ్మకమే అని కూడా నేను అనను. కొన్ని లెక్కతో చెప్పిన కారణాలు. ఆ టీకా మామూలు సూది లాంటిది కాదు. పెద్ద మోతాదు, మొద్దు సూది, ఆ రాత్రి జ్వరం, రెండు మూడు రోజులు చెయ్యి ఎత్తలేనంత వాపు. రోజుకూలీకి అది రెండు మూడు రోజుల తిండి. రక్షణ కూడా పూర్తి రక్షణ కాదు. బరోడా సంస్థానంలోని ఉంఢేరా అనే పల్లెలో 1898లో హాఫ్కిన్ ఒక పరీక్ష చేశాడు. ప్రతి ఇంట్లోనూ దాదాపు సగం మందికి టీకా వేసి, మిగతా సగం మందిని వదిలేశాడు. వేసిన 71 మందిలో 8 మందికి ప్లేగు వచ్చి ముగ్గురు పోయారు. వేయని 64 మందిలో 27 మందికి వచ్చి 26 మంది పోయారు. ఒకే చూరు కింద ఒకే ఎలుకల మధ్య బతికిన వాళ్ళ మధ్య ఇంత తేడా! శాస్త్రజ్ఞుడికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కాని ఆ ఊరి మనిషికి టీకా వేయించుకుని కూడా చనిపోయిన ముగ్గురు కనిపిస్తారు, వాళ్ళ పేర్లు తెలుసు, ఇళ్ళు తెలుసు. దానికి తోడు పల్లె జనానికి చేతిలో మరో ఉపాయం ఉంది. ఇంట్లో ఎలుకలు చచ్చి పడుతుంటే ఊరు వదిలి పొలాల్లో పాకలు వేసుకోవడం. బళ్ళారి, అనంతపురం వైపు పల్లెల్లోనూ ప్లేగు రోజుల్లో ఇదే చేశారు. ఎలుకల ఒంటి మీది పురుగు రోగాన్ని మోస్తుందని శాస్త్రం రుజువు చేయకముందే జనం కనిపెట్టిన పద్ధతి అది, బాగా పనిచేసింది. జ్వరం తెచ్చే సూది ఒకవైపు, ఖర్చులేని పాక ఒకవైపు ఉంటే పాకను ఎంచుకున్న రైతును మూర్ఖుడనడం నాకు చేతకాదు. అధికారులే చాలాచోట్ల ఊరు ఖాళీ చేయించడాన్ని మొదటి మార్గంగా పెట్టుకున్నారు.

ఇక రెండో ఆక్షేపణ, బలవంతం పనిచేస్తుంది కదా అన్నది. దీనికి ఉదాహరణగా హుబ్లీని చూపిస్తారు. 1898లో ఆ ఊళ్ళో ప్లేగు విజృంభించినప్పుడు జనాభాలో చాలా ఎక్కువ భాగం టీకా వేయించుకుంది. దేశంలో అంత పెద్ద సంఖ్యలో ఒకే ఊళ్ళో అప్పటిదాకా ఎక్కడా వేయలేదు. అక్కడి వైద్యుల శ్రమ, వీధి వీధికీ కళ్ళముందే కనబడుతున్న చావులు అందుకు ఒక కారణం. ఇంకో కారణం, ఆ రోజుల్లో బొంబాయి రాష్ట్రంలో టీకా వేయించుకున్న వాడికి ఒక చీటీ ఇచ్చేవారు. ఆ చీటీ ఉంటే శిబిరానికి పోనక్కర లేదు, ప్రయాణంలో ఆపరు. మనిషి శిబిరం పేరు చెబితే వణుకుతాడు కాబట్టి చీటీ కోసం సూది భరించాడు. సంఖ్యలు పెరిగాయి, ప్రాణాలూ నిలిచాయి, అది చిన్న విషయం కాదు. కాని అలా పుట్టిన సమ్మతి శిబిరం ఉన్నంతకాలమే ఉంటుంది. గొడవల తర్వాత ప్రభుత్వం సోదాలను, శిబిరాలను సడలించగానే చీటీకి విలువ పోయింది, టీకాను సొంత మేలుగా అడిగేవాడు మాత్రం ఆ చీటీ వల్ల తయారు కాలేదు. అధికారులు దీన్ని చూసి నేర్చుకున్నారు. 1898 తర్వాత బలవంతపు పద్ధతులు చాలావరకు పక్కన పెట్టారు. 1899లో పరేల్‌లోని పాత గవర్నరు భవనంలో ప్లేగు పరిశోధనశాల ఏర్పడింది. హాఫ్కిన్ దానికి అధిపతి అయ్యాడు. మందు లక్షల మోతాదుల్లో తయారవసాగింది. నాలుగైదేళ్ళు నిలకడగా సాగి ఉంటే అపనమ్మకం మెల్లగా కరిగేదని నేననుకుంటాను. అంతలో పంజాబ్‌లో ఆ దుర్ఘటన జరిగింది.

1902లో పంజాబ్‌లో ప్లేగు ముదిరింది. అక్కడి ప్రభుత్వం పల్లెపల్లెకూ టీకా వేయాలని భారీ పథకం వేసి పరేల్‌ను లక్షల మోతాదులు అడిగింది. అంత మందు త్వరగా తయారు చేయడానికి హాఫ్కిన్ పద్ధతి మార్చాడు. నెయ్యి తేలే రసానికి బదులు అగర్ మీద సూక్ష్మజీవులను పెంచాడు, కార్బాలిక్ ఆసిడ్ కలపడం మానేసి వేడి మీదే ఆధారపడ్డాడు. పాశ్చర్ సంస్థ అప్పటికే అనుసరిస్తున్న పద్ధతి అది. అక్టోబరు 30న మల్కోవాల్ అనే పల్లెలో డాక్టర్ ఎలియట్ అయిదు సీసాలతో 107 మందికి టీకా వేశాడు. వారం తిరిగేసరికి వాళ్ళలో 19 మందికి దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం. పంతొమ్మిది మందీ చనిపోయారు. వాళ్ళందరికీ వేసింది ఒకే సీసాలోని మందు, 53-ఎన్ అనే అంకె రాసిన సీసా. మిగతా నాలుగు సీసాల మందు పడిన 88 మందికి ఏమీ కాలేదు.

సీసా బిరడా తీసే సమయంలో ఏం జరిగిందో తర్వాత విచారణలో బయటికొచ్చింది. పల్లె మధ్య ఆరుబయట బల్ల వేసుకుని పని చేస్తున్నారు. ఆ సీసా విప్పబోతూ కాంపౌండర్ చేతిలోంచి పట్టకారు జారి నేల మీద పడింది. అతను దాన్ని తీసి కార్బాలిక్ నీళ్ళలో ఆడించి, దాంతోనే బిరడా లాగాడు. మంట మీద కాల్చలేదు. పశువులు తిరిగే నేలలో ధనుర్వాతపు బీజాలు ఉండటం మామూలు, ఆ నీళ్ళలో ఆడించినంత మాత్రాన అవి చావవు. ఇంకొక ముఖ్యమైన సాక్ష్యం కూడా ఉంది. విప్పినప్పుడు సీసాలో దుర్వాసన రాలేదని ఎలియట్ చెప్పాడు. పరేల్‌లోనే మలినం చేరి ఉంటే వారాల తరబడి సీసాలో అది కుళ్ళి కంపు కొట్టాలి. అయినా బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం తప్పు ప్రయోగశాలదేనని తేల్చింది. కార్బాలిక్ ఆసిడ్ మానేయడాన్ని వేలెత్తి చూపింది. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించారు. ఆయన ఐరోపాకు వెళ్ళి సంవత్సరాల తరబడి తన మీద పడిన మచ్చ తుడుచుకునే పనిలో ఉండిపోయాడు. ఆయన తరఫున గట్టిగా నిలబడిన వాళ్ళలో రోనాల్డ్ రాస్ ముఖ్యుడు. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్ ఆయనే. 1907 జులైలో రాస్, మరికొందరు ప్రముఖ శాస్త్రజ్ఞులు కలిసి లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాసి, సాక్ష్యమంతా హాఫ్కిన్ నిర్దోషి అనే చెబుతోందని ప్రకటించారు. చివరికి ప్రభుత్వం ఆయన్ని తిరిగి పనిలోకి పిలిచింది. పరేల్ మాత్రం ఇవ్వలేదు, కలకత్తాకు పంపింది.

ఈ కథను సాధారణంగా ఒక శాస్త్రజ్ఞుడికి జరిగిన అన్యాయంగా చెబుతారు. అన్యాయమే, అందులో సందేహం లేదు. కాని మన ప్రశ్నకు కావలసిన సంగతి హాఫ్కిన్ పేరు నిలబడిందా లేదా అన్నది కాదు. ఆ నాలుగైదేళ్ళలో పంజాబ్ రైతుకు ఎవరు ఏం చెప్పారు? 53-ఎన్ సీసా ఒక్కటే చెడిందని, మిగతా నాలుగు సీసాలవాళ్ళు క్షేమంగా ఉన్నారని, పట్టకారు నేల మీద పడిందని, ఇక మీదట ఇలా జరగకుండా ఫలానా మార్పు చేశామని గ్రామసభలో నిలబడి చెప్పిన వాళ్ళు లేరు. విచారణ పత్రాలు ఏళ్ళ తరబడి కార్యాలయాల్లోనే ఉండిపోయాయి. తగవు అధికారులకూ శాస్త్రజ్ఞులకూ మధ్య, ఇంగ్లీషులో, సముద్రానికి అవతల నడిచింది. జనానికి తెలిసిందల్లా సూది వేయించుకున్న 19 మంది దవడలు బిగిసి చచ్చిపోయారని, సూది తెచ్చిన పెద్దదొరను ప్రభుత్వమే తప్పించిందని. దాని నుంచి పంజాబ్ జనం ఏ నిర్ణయానికి వస్తారో ఊహించడం కష్టం కాదు. టీకా పథకం చతికిలబడింది, మునుపటి ఊపు మళ్ళీ రాలేదు. 1907లో ఒక్క పంజాబ్‌లోనే ప్లేగుతో ఆరు లక్షల మందికి పైగా చనిపోయారు.

చావు భయం ముదిరితే జనం తామే టీకా అడుగుతారు అనే వాదనకు ఈ సంఖ్యే సమాధానం. అంతకుముందు పంజాబ్ ఎన్నడూ చూడనంత చావు ఆ ఏడాది చూసింది, అయినా సూది కోసం జనం ఎగబడలేదు. భయానికి మనిషిని పరిగెత్తించే శక్తి ఉంటుంది, ఎటు పరిగెత్తాలో మాత్రం అది చెప్పదు. హుబ్లీలో డాక్టరు వైపు పరిగెత్తారు, పంజాబ్‌లో పొలాల వైపు. ఇక్కడ నా వాదనకు ఒక హద్దు కూడా చెప్పాలి. నమ్మకం ఎంత ఉన్నా ఆ టీకాతో ప్లేగును దేశం నుంచి తరిమేయగలిగి ఉండేవాళ్ళమని నేననను. దాని రక్షణ కొన్ని నెలలదే, ఎలుకలు ఇళ్ళలోనే ఉన్నాయి. కాని ఉంఢేరా లెక్కనే తీసుకుని, పంజాబ్‌లో సగం మంది వేయించుకుని ఉంటే ఎన్ని ఇళ్ళలో దీపం వెలుగుతూ ఉండేదో ఆలోచిస్తే ఆ మౌనం ఖరీదు అర్థమవుతుంది. మల్కోవాల్‌లో చనిపోయిన 19 మందిది ప్రమాదం. ఆ తర్వాతి చావుల్లో కొంత భాగానికైనా ఆ ప్రమాదాన్ని గురించి నోరు విప్పనితనం బాధ్యత వహించాలి.

ఇదంతా తెల్లదొరల కాలం నాటి మాట, పరాయి పాలన మీద పుట్టిన అపనమ్మకం, స్వతంత్ర దేశానికి వర్తించదు అనేవాళ్ళుంటారు. వాళ్ళకు జవాబు మన గడ్డ మీదే ఉంది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో ఉండి చదువుకునే గిరిజన, దళిత బాలికలు. తర్వాతి నెలల్లో అక్కడ కొందరు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో పథకం ఆగిపోయింది. విచారణ సంఘం ఆ చావులకు టీకా కారణం కాదని తేల్చింది. ఆ తేల్చడం సరైనదే అని నేను నమ్ముతున్నాను. ప్రపంచంలో కోట్ల మందికి వేసిన టీకా అది. కాని అదే విచారణలో మరో సంగతి బయటపడింది. వేల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. మరెన్నో పత్రాల మీద ఏం రాసి ఉందో చదవలేని తల్లిదండ్రుల వేలిముద్రలున్నాయి. టీకా వికటిస్తే గమనించి నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. భద్రాచలం అడవి పల్లెలో ఉన్న తండ్రికి తన కూతురికి ఏదో సూది వేశారన్న సంగతి ఆమె పోయాక తెలిస్తే, చావుకీ సూదికీ సంబంధం లేదని ఎంత పెద్ద డాక్టరు చెప్పినా ఎందుకు నమ్మాలి? చెప్పవలసిన రోజున చెప్పని వాడి మాట, తప్పించుకోవలసిన రోజున పనికిరాదు. మందు మంచిదే, ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు దేశంలో ఆ టీకా ఊసెత్తడానికే ప్రభుత్వాలు జంకాయి.

అదే టీకాను 2016లో పంజాబ్ రాష్ట్రం బఠిండా, మాన్సా జిల్లాల్లో వేసింది. 2018లో సిక్కిం ప్రభుత్వం రాష్ట్రమంతటా 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు వేసింది. సిక్కింలో సూది తీయడానికి ముందే ఉపాధ్యాయులకు, డాక్టర్లకు, విలేకరులకు శిక్షణ ఇచ్చారు. బడుల్లో తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి, క్యాన్సర్ గురించి, సూది తర్వాత పిల్ల కళ్ళు తిరిగి పడిపోవచ్చన్న సంగతి గురించి కూడా ముందే మాట్లాడారు. అలా పడిపోతే ఏం చేయాలో ప్రతి కేంద్రంలోనూ తర్ఫీదు ఇచ్చి ఉంచారు. ఆ రాష్ట్రంలో 95 శాతానికి పైగా బాలికలు టీకా వేయించుకున్నారు.

(వచ్చే భాగం: 1911, హైదరాబాద్ నగరంలో ప్లేగు)